మద్దెల నిజంగానే ఓడైతే?

ప్రశ్న: నా వయసు 61. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక గోల్ఫ్ మొదలుపెట్టాను. గోల్కొండ కోర్సులో వారానికి మూడు రోజులు ఆడతాను. హ్యాండిక్యాప్ (ఆటతీరుని కొలిచే అంకె, తక్కువుంటే మేలు) 22. ఇన్నాళ్లూ ఒక స్నేహితుడు వదిలేసిన పాత సన్న పుట్టర్‌తోనే (బంతిని గుంతలోకి దొర్లించే గోల్ఫ్ కర్ర, ఆ దెబ్బే పుట్) నెట్టుకొచ్చాను. మొన్న సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన మా అబ్బాయి ఖరీదైన పెద్ద తల పుట్టర్ తెచ్చిచ్చాడు. దూరం నుంచి కొట్టే పుట్‌లు దానితో బాగానే ఉన్నాయి. కానీ నాలుగైదు అడుగుల పుట్‌లు వరసపెట్టి ఎడమకి పోతున్నాయి. నా స్ట్రోక్‌లో, అంటే పుట్టర్ ఊపులో, ఆర్క్ (వంపు) ఎక్కువని, తిన్నగా వెనక్కి, తిన్నగా ముందుకి కొట్టడం నేర్చుకోమని కోచ్ అంటారు. తోటివాళ్లేమో ‘జీరో టార్క్’ పుట్టర్ కొనెయ్యమంటారు. స్ట్రోక్ మార్చుకోవాలా, పుట్టర్ మార్చాలా? మార్చితే అబ్బాయికి ఏం చెప్పాలి? నాది కుడిచేతి వాటం, ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు.
– ఒక పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: నమస్కారమండీ. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత గోల్ఫ్ క్లబ్బుల్లో వినిపించినంతగా నాట్యశాలల్లో కూడా వినిపించదేమో. పుట్ తప్పిన ప్రతివాడూ ముందు పుట్టర్ వైపే చూస్తాడు. నేనూ అదే బాపతు. ఒక ఏడాదిలో నాలుగు పుట్టర్లు మార్చి, చివరికి మొదటిదాన్నే అటక మీంచి దించుకున్నవాణ్ని. అందుకే పుట్టర్ మార్చమని ఎవరికీ తొందరగా చెప్పను. మీకు మాత్రం చెబుతున్నాను: మీ మద్దెల నిజంగానే ఓడు. పుట్టర్ మంచిదే అయ్యుంటుంది. మీ చేతికి సరిపడలేదు, అంతే.

అంత గట్టిగా ఎలా అంటున్నానంటే, మీ ఉత్తరంలో మూడు ఆధారాలు ఉన్నాయి. తప్పేవన్నీ ఒకే పక్కకి తప్పుతున్నాయి. దగ్గరివే తప్పుతున్నాయి. కొత్త పుట్టర్ వచ్చాకే మొదలైంది. చెయ్యి చెడినవాడి బంతి ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి పోతుంది. ఒకే పక్కకి పోతోందంటే మీ చెయ్యి ప్రతిసారీ ఒకే పని చేస్తోందన్నమాట. 22 హ్యాండిక్యాప్‌కి అది చిన్న ఆస్తి కాదు. దాన్ని చెడగొట్టుకోవద్దు.

ముందు స్ట్రోక్ సంగతి. కోచ్‌లు రెండు రకాలు చెబుతారు: తిన్నగా వెళ్లి తిన్నగా వచ్చేది ఒకటి, లోపలికి వెళ్లి మళ్లీ లోపలికి తిరిగేది ఒకటి. మొదటిది మన ఇళ్లలో హాల్లో వేలాడే ఉయ్యాల బల్ల. రెండోది బందు మీద తిరిగే తలుపు. నిజానికి ఎవరి స్ట్రోకూ పూర్తిగా ఉయ్యాల కాదు, పూర్తిగా తలుపూ కాదు. మనం బంతికి పక్కన నిలబడతాం. షాఫ్ట్, అంటే పుట్టర్ పొడుగాటి కర్ర భాగం, వాలుగా ఉంటుంది. గోల్ఫ్ నియమాల ప్రకారం పుట్టర్ షాఫ్ట్ నిట్టనిలువు నుంచి కనీసం 10 డిగ్రీలు వాలి ఉండాల్సిందే. దుకాణంలో దొరికేవి మామూలుగా 20 డిగ్రీలు వాలి ఉంటాయి. వాలిన కర్ర భుజాలతో పాటు ఊగితే దాని కొన కొంచెమైనా వంపు తిరక్క తప్పదు. మీ ఎత్తు మనిషి పది అంగుళాలు వెనక్కి లాగితే, చేతులు అసలు తిప్పకపోయినా, పుట్టర్ తల ఓ పావు అంగుళం పైనే లోపలికి వస్తుంది. కాబట్టి మీకు ఆర్క్ ఉందనడం జబ్బు పేరు చెప్పడం కాదు. ఎంత ఉంది, దానితోపాటు మణికట్లు ఫేస్‌ని, అంటే బంతిని తాకే ముఖాన్ని, ఎంత తెరుస్తున్నాయి (కుడికి తిప్పడం), ఎంత మూస్తున్నాయి (ఎడమకి తిప్పడం) అన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఇక పుట్టర్ సంగతి. రెండు పుట్టర్లూ తీసుకుని, ఒక్కోదాన్నీ నేలకి సమాంతరంగా, తలకి దగ్గరగా షాఫ్ట్‌ని చూపుడువేలి మీద నిలబెట్టండి. తల ఎటు తిరుగుతుందో చూడండి. బంతిని తాకే ముఖం పైకప్పు వైపు చూస్తూ ఆగిపోతే అది ఫేస్ బ్యాలెన్స్‌డ్. తల చివరి కొన, అంటే టో, కిందికి వాలితే అది టో హ్యాంగ్. కొంచెం వాలవచ్చు, గడియారంలో గంట ముల్లు నాలుగున్నర దగ్గర ఉన్నట్టు సగం వాలవచ్చు, ఆరు దగ్గర ఉన్నట్టు నిట్టనిలువుగా వేలాడనూ వచ్చు. మీరు పంపిన వివరాలను బట్టి మీ పాత సన్నది సగం వాలేదై ఉండాలి, కొత్తది పైకప్పు చూసేదై ఉండాలి. పరీక్షలో వేరేగా వస్తే మళ్లీ రాయండి, నా జవాబు మారుతుంది.

ఆ పాతది ఏ కంపెనీదో మీరు రాయలేదు. కానీ సన్న పుట్టర్లలో చాలావాటికి ముత్తాత ఒకటే. కార్స్టెన్ సోల్‌హైమ్ అనే జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీరు పుట్టింగ్ సరిగ్గా రాక విసిగిపోయి, 1959లో తనే ఒక పుట్టర్ చేసుకున్నాడు. బంతి తగలగానే అది చేసిన ‘పింగ్’ చప్పుడే కంపెనీ పేరైంది. తల రెండు చివర్లకీ బరువు పంచితే, బంతి నడిమధ్యలో తగలకపోయినా తల మెలి తిరగదని అతని ఆలోచన. 1966లో గీసిన కొత్త నమూనాని గ్రామఫోన్ రికార్డు అట్ట మీదే గీశాడు. దానికి ఆన్సర్ అని పేరు పెడదామని భార్య లూయీస్ సూచించింది. ఇంగ్లీషు స్పెల్లింగులో డబ్ల్యూ ఒకటి అదనంగా ఉంది, పుట్టర్ మీద చోటు చాలదు, దాన్ని తీసేయమని కూడా ఆవిడే చెప్పింది. ఒక అక్షరం తక్కువైన ఆ జవాబునే ఈ అరవై ఏళ్లలో దాదాపు ప్రతి కంపెనీ కాపీ కొట్టింది. టైగర్ వుడ్స్ తన 15 మేజర్లలో (గోల్ఫ్‌లో అతి పెద్ద పోటీల్లో) 14 గెలిచిన స్కాటీ కామెరాన్ పుట్టర్ కూడా ఆ వంశానిదే. కొళాయి గొట్టంలా రెండు మలుపులు తిరిగిన మెడ (షాఫ్ట్ తలకి కలిసే చోటు), మధ్యస్థంగా వాలే టో, ఇవి దాని గుర్తులు.

టో వాలితే ఏమవుతుంది? బరువు షాఫ్ట్ గీతకి అవతల, టో వైపు ఉందని అర్థం. ఆర్టీసీ బస్సు కదలగానే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టు, పుట్టర్‌ని ముందుకి లాగేటప్పుడు ఆ టో కాస్త వెనకబడుతుంది. అంటే ఫేస్ మూసుకోవడానికి చిన్న బ్రేకు పడుతుంది. ఇన్నాళ్లుగా మీ చేతులు ఆ బ్రేకుని లెక్కలోకి తీసుకుని, సరిగ్గా దాన్ని దాటేంత బలంతో ఫేస్‌ని మూయడం అలవాటు చేసుకున్నాయి. ఎవరూ నేర్పలేదు, బంతి గుంతలో పడుతున్నప్పుడు చెయ్యే నేర్చుకుంది. ఇప్పుడు కొత్త పుట్టర్‌లో బ్రేకు లేదు. చెయ్యి పాత బలమే వాడుతోంది. ఫేస్ బంతి దగ్గరికి వచ్చేసరికే మూసుకుపోతోంది. బంతి ఎడమకి.

ఇక్కడ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇదే విషయాన్ని తలకిందులుగా చెప్పేవాళ్లు కూడా మీకు కోర్సులో తగులుతారు: ఫేస్ బ్యాలెన్స్‌డ్ పుట్టర్ మూసుకోవడానికి మొరాయిస్తుంది, కాబట్టి ఆర్క్ ఉన్నవాడికి బంతి కుడికి పోవాలి అంటారు. చేతులు వదులుగా పెట్టి పుట్టర్ బరువునే ఊగనిచ్చే వాళ్లలో అలా జరగవచ్చు కూడా. అందుకే ఆర్క్‌కి టో హ్యాంగ్, తిన్నటి స్ట్రోక్‌కి ఫేస్ బ్యాలెన్స్ అనే సూత్రాన్ని నేను పంచాంగంలా నమ్మను. వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి మాత్రమే వాడతాను. తీర్పు చెప్పాల్సింది బంతి.

మరి వేరే కారణం ఉండదా? ఉండొచ్చు. లెక్క వేద్దాం. గుంత వెడల్పు నాలుగుంబావు అంగుళాలు. నాలుగడుగుల దూరం నుంచి నడిమధ్యకి గురిపెట్టిన బంతి అంచు దాటి పోవాలంటే దాదాపు రెండున్నర డిగ్రీలు పక్కకి బయల్దేరాలి. పదడుగుల నుంచి ఒక్క డిగ్రీ చాలు, ఐదు సెంటీమీటర్లు తప్పుతుంది. అంటే నాలుగడుగులవి వరసగా తప్పుతున్నాయంటే మీ దగ్గర జరిగేది చిన్న పొరపాటు కాదు. ఫేస్ బాగా మూసుకునైనా ఉండాలి, లేదా మొదట్నుంచీ మీరు గుంతకి ఎడమగా గురిపెడుతూనైనా ఉండాలి. రెండోది మీకు తెలియకుండానే జరగొచ్చు. తల ఆకారం, దాని మీది గీతలు, మెడ వంపు మారితే కంటికి తిన్నగా అనిపించేది కూడా మారిపోతుంది. ఒకే మనిషి సన్న పుట్టర్‌తో కుడికీ, పెద్ద తలతో ఎడమకీ గురిపెట్టడం చూశాను.

కాబట్టి రూపాయి ఖర్చుపెట్టే ముందు ఒక సాయంత్రం ఇంట్లో కూర్చోండి. కూర్చోండి అంటే నిలబడండి.

హాల్లో రెండడుగుల టైల్స్ ఉంటాయి కదా, వాటి మధ్య అతుకు గీత కంటే మంచి కొలబద్ద ఏ దుకాణంలోనూ దొరకదు. పుట్టర్ తలని గీత మీద పెట్టి, బంతి లేకుండా, కళ్లు మూసుకుని పదిసార్లు ఊపండి. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా నిలబెట్టి, ఫోన్‌ని పైనుంచి కిందికి చూసేలా పట్టుకుని స్లో మోషన్‌లో తీయమనండి. కళ్లు ఎందుకు మూసుకోవాలంటే, గీత కనబడితే మనిషి దాన్ని అనుసరించాలని చూస్తాడు. అప్పుడు వీడియోలో పడేది మీ కోచ్ స్ట్రోకే గాని మీది కాదు. పది అంగుళాలు వెనక్కి వెళ్లిన చోట తల నడిమధ్య గీత నుంచి ఎంత లోపలికి వచ్చిందో చూడండి. అర అంగుళం లోపైతే దాన్ని నేను తిన్నటి స్ట్రోక్ అంటాను. అంగుళం దాటితే గట్టి ఆర్క్. ఇది నా చేతి లెక్కే, ఏ శాస్త్రం లెక్కా కాదు. ముందు పాత పుట్టర్‌తో చేయండి, ఎందుకంటే మీ అసలు స్ట్రోక్ దానిలోనే బతికి ఉంది.

గురి చూడ్డానికి టైల్ గీతలకి ఏటవాలుగా, ఆరడుగుల దూరంలో ఒక రూపాయి బిళ్ల పెట్టండి. బిళ్లకి గురిపెట్టి పుట్టర్‌ని కదలకుండా పట్టుకోండి. బీరువాలో పాత శుభలేఖ ఒకటి ఉంటుంది కదా, గట్టి అట్టది. దాని ఒక అంచు పుట్టర్ ముఖానికి ఆనేలా నేల మీద పెట్టమనండి. ముఖానికి నిలువుగా ఉన్న పక్క అంచు వెంట ఒక దారం లాగితే అది బిళ్ల దగ్గరికి చేరిందా, ఎడమకి పోయిందా తెలిసిపోతుంది. రెండు పుట్టర్లతోనూ ఐదేసిసార్లు చేయండి. కొత్తదానితో దారం ప్రతిసారీ ఎడమకే పోతే, పైన బస్సు ఉపమానంతో నేను చెప్పిందంతా పక్కన పెట్టేయొచ్చు. మీ సమస్య చేతిలో లేదు, కంటిలో ఉంది. అప్పుడు మార్చాల్సింది తల ఆకారం, టో హ్యాంగ్ కాదు.

మూడోది కోర్సులో చేయాలి. ప్రాక్టీస్ గ్రీన్ (గుంత చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) మీద వాలు లేని చోట చూసుకుని, నాలుగడుగుల నుంచి ఐదు బంతులు పాతదానితో, ఐదు కొత్తదానితో, మళ్లీ ఐదు, ఐదు, అలా ఒక్కోదానితో ఇరవై కొట్టండి. పడ్డవీ, ఎడమవీ, కుడివీ నోట్‌బుక్‌లో వేసుకోండి. పొద్దున్నే చేయండి. మన బెర్ముడా గడ్డి సాయంత్రానికి పెరిగి, పోచలు ఒక పక్కకి వాలి, బంతిని అటు లాగుతుంది. అప్పుడు వచ్చిన లెక్కలో సగం గడ్డిదే.

పొడవు గురించి మీరు అడగలేదు. కానీ నాకు అన్నిటికంటే ఎక్కువ అనుమానం దాని మీదే. అమెరికాలో దుకాణం గోడ నుంచి తీసిచ్చే పుట్టర్ సాధారణంగా 34 లేదా 35 అంగుళాలుంటుంది. మీ ఎత్తుకి, మీ చేతుల పొడవుని బట్టి, 33 చాలవచ్చు, 32 కూడా కావచ్చు. పొడవైన పుట్టర్ పట్టుకున్నవాడు బంతికి దూరంగా జరుగుతాడు. కళ్లు గీతకి లోపలికి వచ్చేస్తాయి, స్ట్రోక్ ఇంకా తలుపులా తిరుగుతుంది. మీ కోచ్ చూసిన ఆర్క్‌లో కొంత మీది కాదేమో, ఆ అదనపు రెండంగుళాలదేమో. పరీక్ష సులువు: నడుము దగ్గర వంగి చేతులు వదిలేయండి. అవి ఎక్కడ కలుస్తాయో అక్కడే గ్రిప్ (చేతిపిడి) ఉండాలి. మామూలుగా నిలబడి పుట్టర్ నేలకి పెట్టినప్పుడు టో కింద రూపాయి బిళ్లలు రెండు మూడు దూరితే టో పైకి లేచిందన్నమాట. టో లేస్తే ఫేస్ కూడా కాస్త ఎడమకి చూస్తుంది. పుట్టర్‌కి లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం) మూడు డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి ఆ తేడా చాలా తక్కువ. టో ఐదు డిగ్రీలు లేచినా బంతి దారి పావు డిగ్రీ మారుతుంది, అంతే. నాలుగడుగుల పుట్‌ని అది ఒక్కటే తప్పించలేదు. పొడవు మాత్రం మీరు నిలబడే తీరుని మార్చి తప్పిస్తుంది.

గ్రిప్ పైనుంచి అంగుళం కోయించడం పెద్ద ఖర్చు కాదు. కానీ కోస్తే చేతికి తల తేలికైనట్టు అనిపిస్తుంది. తల అడుగున మరలతో బిగించిన బరువులున్న మోడల్ అయితే కొంచెం బరువైనవి వేయించుకోవచ్చు. కోయించే ముందు ఒక పని చేయండి: రెండు వారాలు గ్రిప్ కిందికి జారి పట్టుకుని ఆడి చూడండి. ఎడమకి పోవడం సగానికి తగ్గితే రంపం దగ్గరికి వెళ్లండి.

పెద్ద తల పుట్టర్ మీద మాత్రం కోపం పెట్టుకోకండి. దూరం పుట్‌లు బాగున్నాయన్నారు, అది దాని చలవే. బరువు అంచులకి పరుచుకుని ఉంటుంది కాబట్టి బంతి మధ్యలో తగలకపోయినా వేగం అంతగా చావదు. పైగా పెద్ద తలంటే ఫేస్ బ్యాలెన్స్‌డ్ అనే లెక్క ఇప్పుడు లేదు. అమెరికా ఆటగాడు స్కాటీ షెఫ్లర్ సంగతి గుర్తుండే ఉంటుంది. 2024 మొదట్లో బంతిని గ్రీన్ మీదికి చేర్చడంలో అతనికి సాటి లేదు, పుట్టింగే ఏడిపించేది. పెద్ద తల వాడి చూస్తే బాగుంటుందని సాటి ఆటగాడు రోరీ మెకిల్‌రాయ్ టీవీలో అన్నాడు. మార్చిలో షెఫ్లర్ టేలర్‌మేడ్ కంపెనీ పెద్ద తల పుట్టర్ స్పైడర్‌కి మారాడు, ఆ వారమే బే హిల్ పోటీలో ఐదు షాట్ల తేడాతో గెలిచాడు, తర్వాతి వారం ప్లేయర్స్ టోర్నీ, ఏప్రిల్‌లో మాస్టర్స్ టోర్నీ గెలిచాడు. మీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఆ స్పైడర్‌కి ఉన్నది పాత సన్న పుట్టర్ల తరహా మలుపు మెడ. తల పెద్దదైనా కొంత టో హ్యాంగ్ ఉంది. ఒకే తలని వేర్వేరు మెడలతో అమ్మే కంపెనీలు చాలా ఉన్నాయి. తల పేరు చూసి కాదు, వేలి మీద పెట్టి కొనాలి.

జీరో టార్క్ గురించి. వీటిలో షాఫ్ట్‌ని తల బరువుకి సరిగ్గా లెక్క కట్టి అమరుస్తారు, ఊగేటప్పుడు ఫేస్ తనంతట తాను తెరుచుకోదు, మూసుకోదు. 2025 యూఎస్ ఓపెన్‌లో, ఓక్‌మాంట్‌లో, జె.జె. స్పాన్ చివరి హోల్లో 64 అడుగుల పుట్ వేసి గెలిచింది ఎల్ఏబీ కంపెనీవారి అలాంటి పుట్టర్‌తోనే. ఆ రాత్రి నుంచి మన క్లబ్బుల్లో కూడా ఇదే కబురు. చేతులు వణికేవాళ్లకి, ప్రతి పుట్ ఒక్కో పక్కకి పోయేవాళ్లకి దాన్ని చూడమంటాను. మీది ఆ రోగం కాదు. ఫేస్‌ని తిప్పడం అలవాటైన చేతికి అసలు తిరగని పుట్టర్ ఇస్తే, ఇప్పుడున్న తగువే ఇంకో ధరలో వస్తుంది. ఎవరిదైనా అడిగి నాలుగు హోల్స్ ఆడండి, కొనకండి.

కోచ్ గారి మాట. ఆయన్ని తప్పుపట్టను, ఎడమకి పోతున్న బంతిని చూసి ఆయన ఆ సలహా ఇచ్చి ఉంటారు. పాత పుట్టర్‌తో ఇరవై పుట్‌లు ఆయన ముందు కొట్టండి, నోట్‌బుక్ చూపించండి. పాతదానితో కూడా ఎడమకే పోతుంటే ఆయన చెప్పిందే వినాలి. అప్పుడు నేను తప్పు. పోకపోతే మాత్రం, పుట్టుకతో వచ్చిన బుద్ధి గురించి మనవాళ్లు చెప్పింది 61 ఏళ్ల మణికట్టుకి కూడా వర్తిస్తుందని ఆయనకి నెమ్మదిగా గుర్తుచేయండి.

ఇక మీ అబ్బాయి. ఈ ప్రశ్నని ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో అడిగారు గాని, మీరు ఉత్తరం రాసింది దీనికోసమే అనుకుంటున్నాను. నియమాల ప్రకారం సంచిలో 14 క్లబ్బులు ఉండొచ్చు, అందులో పుట్టర్ ఒకటే ఉండాలని ఎక్కడా లేదు. పదమూడో, పన్నెండో మోసేవాళ్లం కదా మనం, రెండూ వేసుకోండి. పరీక్షలయ్యేదాకా కొత్తదాన్ని ముప్పై అడుగులు దాటిన పుట్‌లకి, పాతదాన్ని దగ్గరివాటికి వాడండి. వింతగా చూసేవాళ్లు చూస్తారు, సంచి మోసే క్యాడీ నవ్వుతాడు, నవ్వనివ్వండి.

అబ్బాయికి దాచొద్దు, దాచలేరు కూడా. కొడుకు కొన్న పుట్టర్ తండ్రి వాడట్లేదని వీడియో కాల్‌లోనే తెలిసిపోతుంది. నచ్చలేదని చెప్పకుండా కొలతలు చెప్పండి. “తల అద్భుతంగా ఉంది నాన్నా, దూరం పుట్‌లు నీ పుణ్యమే. నా చేతికి 33 అంగుళాలు కావాలట, మెడ వంపుది కావాలట. ఈసారి వచ్చేటప్పుడు అక్కడి దుకాణంలో ఇదే తల వంపు మెడతో దొరుకుతుందేమో చూడు” అనండి. స్లో మోషన్ వీడియో కూడా పంపండి. వాడు డాలస్‌లో దాన్ని పదిసార్లు చూసి మీ మోకాళ్ల గురించి ఏదో ఒకటి అంటాడు, దాన్ని పట్టించుకోకండి.